ఒక్క ముక్క కలపకుండా

2018 మే 14, సోమవారం. నరసన్నపేట

డాక్టరు బీపీ చూసి, "మాస్టారూ, కోపం వచ్చినప్పుడు మనుషుల మీద అరవకండి, కాగితం మీద అరవండి" అన్నాడు. కాగితం మీద అరవడం నాకు కొత్తా? ఏళ్ల తరబడి అరుస్తూనే ఉన్నాను. పత్రికల వాళ్లు సగం కోసి వేస్తారు, సగం అసలు వెయ్యరు. దీన్ని మాత్రం ఎవరూ కొయ్యలేరు. ఆ ఒక్క సంతోషంతో డైరీ మొదలుపెడుతున్నాను.

మొదటి రోజు కోపం రాలేదు. నోటీసు వచ్చింది, అంతే.

తీరాంధ్ర విశ్వవిద్యాలయం వారు ఈ ఏడాది నుంచి 'దివ్యాంగుల'కు ప్రవేశ పరీక్ష అక్కర్లేదని సెలవిచ్చారు. దివ్యాంగులట! పేరుకి దివ్యత్వం అంటించడానికి ఖర్చు లేదు కదా, మెట్ల పక్కన వాలుదారి కట్టాలంటేనే ఇసుకా సిమెంటూ కావాలి. పరీక్ష బదులు 'సహానుభూతితో రూపొందించిన ప్రత్యేక మౌఖిక మార్గం'. నలుగురు పెద్దలు కూర్చుంటారు. పిల్లలు వెళ్లి వాళ్ల ముందు మాట్లాడాలి. నచ్చితే సీటు. చట్టం సీట్లు హక్కుగా ఇమ్మంది. హక్కు అన్న మాట ఆ నోటీసులో భూతద్దం పెట్టి వెతికినా లేదు.

పైగా అసలు తమాషా ఇది. రాయలేని పిల్లల కోసం మాట పెట్టారు. బాగుంది. మాట కూడా రాని పిల్లలకి ఏం పెట్టారు?

మా అక్క అన్నమ్మ కూతురు మెర్సీకి చేతులు వణుకుతాయి, కాళ్లు నిలవవు, మాట నలుగుతుంది. పుట్టినప్పుడు మెదడుకి గాలి అందలేదు. బుర్ర మాత్రం కత్తి. పక్కన ఒకరు కూర్చుని రాసిపెడితే ఇంటరు లెక్కల గ్రూపు దర్జాగా దాటింది. దాని మాట వాళ్లమ్మకీ, నాకూ, సాలూరు లారీలు నడిపే మా బెన్హర్ బావకీ, రోజూ ఇంటికొచ్చే చేపల లక్ష్మణమ్మకీ తెలుస్తుంది. మిగతా లోకానికి నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. ఫోను మీద వేలి కణుపుతో టైపు కొడుతుంది గానీ, ఆ గదిలోకి ఫోన్లు నిషేధం. 'మాట స్పష్టంగా లేనివారు సాయానికి ఒకరిని తెచ్చుకోవచ్చు'నట. ఎంత దయ!

దయ అంటే గుర్తొచ్చింది. జీవితమంతా దయ మీద యుద్ధం చేస్తున్నవాడి మేనకోడలికి మా అక్క ఏరి కోరి పెట్టిన పేరు మెర్సీ.

మే 15

కోపం రాలేదు. గ్లాసు దానంతటదే పడింది.

మే 19, శనివారం

అక్కా వాళ్లింటికి వెళ్లాను. ఈ మార్గం బహిష్కరించాలని చెప్పడానికే వెళ్లాను. నేను గుమ్మంలో ఉండగానే మెర్సీ ఫోన్లో దరఖాస్తు సగం నింపేసింది.

"నేను ఎల్తాను మావా" అంది.

"అది భిక్ష."

"లోపలికెల్లాక తిడతాను."

ఇందులో వ్యూహం ఉంది, ఒప్పుకున్నాను. శత్రువు కోటలోకి వెళ్లి కొట్టడం. "అయితే లా చదువు. రేపు కోర్టులో వీళ్ల చొక్కాలు పట్టుకో."

"స్టాటిస్టిక్స్."

"లా!"

"స్టాటిస్టిక్స్."

అన్నమ్మ గరిటెతో వచ్చింది. "సదివీది అదా, నువ్వా?"

"ప్రజలకి లాయర్లు కావాలక్కా."

"ప్రజల్ని సదువుకోమను. ఇది నా గుంట. దానికి లెక్కలు ఇష్టం, లెక్కలే సదువుతాది."

ఇదంతా క్రికెట్టు తెచ్చిన తంటా. ఎవడు ఎక్కడ ఎన్ని కొట్టాడో, ఎవడి సగటు ఎందుకు పడిందో దానికి తెలియనిది లేదు. క్రికెట్టు మీద నేను పెద్ద వ్యాసం రాశాను. అది ప్రజల నల్లమందు అని నిరూపించాను. గుర్తుచేశాను.

"ఆ యాసం ఎంతమంది సదివేరు మావా? సగటున?"

ఆప్షను స్టాటిస్టిక్సే పెట్టాం. ఓడిపోలేదు. వ్యూహాత్మకంగా వెనక్కి తగ్గాను.

మే 20, ఆదివారం

బాప్టిస్టు చర్చి మైకు పొద్దున్నే నా గోడ దాటి వచ్చింది. ఎవరో పై ఊరి బోధకుడు ఇంగ్లీషులో దంచుతున్నాడు, పక్కన ఒకాయన తెలుగులో దంచుతున్నాడు. నేను ఆ గుమ్మం తొక్కి ఏళ్లు దాటాయి గానీ, ఈ జంట దరువు వింటే మా నాన్న గుర్తొస్తాడు.

నాన్న డేవిడ్‌రాజు ఆ రోజుల్లో కెనడా దొరసాని ప్రసంగాలకి తెలుగు చెప్పేవాడు. ఆవిడ 'దేవుడు మంచివాడు' అని ఆగేది. నాన్న వంశధార వరదలో కొట్టుకుపోతున్న పాడి ఆవుతో మొదలుపెట్టి, ఆ ఆవు కన్నీళ్లు, ఒడ్డున విధవరాలి కన్నీళ్లు, విరిగిన తెడ్డు, తెల్లారే వేళ తిరిగొచ్చిన ఆవు దాకా వచ్చేసరికి ఆడవాళ్ల కొంగులన్నీ తడిసేవి. దొరసాని ఓపిగ్గా నిలబడి, తన రెండో వాక్యాన్ని నోట్లోనే పట్టుకునేది. ఒకసారి అడిగిందట: "డేవిడ్‌రాజూ, ఇదంతా నేను చెప్పానా?" నాన్న తొణకలేదు. "మీరు చెప్పాల్సింది చెప్పాను అమ్మగారూ."

ఎంత అహంకారం! ఎదుటి మనిషి మాటని మింగేసి తన మాట కక్కడం! మతం మనిషిని అలా తయారుచేస్తుంది. నా అదృష్టం, నాకు ఆ జబ్బు అంటలేదు.

మే 27, ఆదివారం

ఇంటర్వ్యూకి సాయంగా వెళ్లేది నేనే. ఇందులో చర్చేముంది? దాని మాట తెలిసినవాణ్ణి, నోరున్నవాణ్ణి. ఇవాళ రిహార్సలు వేశాం. అన్నమ్మ కమిటీ అధ్యక్షురాలు. చేతిలో గరిటె.

"నీ గురించి సెప్పమ్మా."

మెర్సీ మెడ సర్దుకుంది, మాటని లోపల్నించి తోడింది. "నా పేరు మెర్సీ. నాకు లెక్కలంటే ఇష్టం."

నేను అందుకున్నాను. "అయ్యా! శతాబ్దాలుగా ఆచారమూ బజారూ కలిసి మూలకి తోసిన కోట్ల దేహాల తరఫున నేనివాళ మీ ముందు నిలబడ్డాను—"

"అది కూకున్నాది" అంది అన్నమ్మ.

"అలంకారమక్కా."

"నేను అది అన్నేదు" అంది మెర్సీ.

"నువ్వన్నదాని సారాంశం."

గుమ్మంలో చేపలు తోముతున్న లక్ష్మణమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది. "ఆ గుంట రెండు ముక్కలన్నాది. బాబుకి అన్ని ముక్కలెలాగ ఇనిపించేయో!"

"నీకు తెలీదులే లక్ష్మణమ్మా. దీన్ని అన్వయం అంటారు."

"అంటారు గావాల" అని ఆమె మళ్లీ తోముకుంది.

రిహార్సలు బ్రహ్మాండంగా జరిగింది. మెర్సీ ఎక్కువ మాట్లాడలేదు. పిల్ల ఆలోచనలో పడింది. మంచిదే.

జూన్ 2, శనివారం

వేశారు! పూర్తిగా వేశారు! ఒక్క అక్షరం కొయ్యలేదు!

ఆ నోటీసు మీద నా వ్యాసం, 'దయామయుల దర్బారు.' నా పేరు విక్టర్ అని బొద్దుగా. బస్టాండు కొట్లో ఉన్న కాపీలన్నీ కొనేశాను. కొట్టువాడు "మీ ఇంట్లో ఏదైనా శుభకార్యమా సార్" అన్నాడు. అవునన్నాను. ఒక కాపీ పట్టుకుని గాల్లో తేలుతూ అక్క ఇంటికి వెళ్లాను.

అన్నమ్మ నిలబడి చదివింది, కూర్చుని చదివింది.

"ఒరే విక్టరూ. ఆ కమిటీ పెద్దల్ని దొరలన్నావు, దయామయులన్నావు, సిమ్మాసనాలెక్కిన సీమలన్నావు. బాగున్నాది. ఈ నెలలోనే ఆ సీమల ముందుకి నా గుంటని తీసికెల్తావేటి?"

"సూత్రం ముఖ్యం అక్కా."

"సూత్రం నీది. సీటు దానిది."

దీనికి నా దగ్గర గొప్ప సమాధానం ఉంది. ఇంటికి వచ్చాక తట్టింది.

జూన్ 3

ఎవరూ ఫోను చెయ్యలేదు. ప్రశాంతంగా ఉన్నాను. వ్యాసం మళ్లీ చదువుకున్నాను. బాగుంది.

జూన్ 8, శుక్రవారం

దారుణం! అద్భుతమైన దారుణం!

మెర్సీ పిలిచి చెప్పింది. సాయానికి వచ్చేవాళ్లు డిగ్రీ చదివి ఉండకూడదట. అలా రూలుందట. నాది ఎమ్మే కాబట్టి నేను పనికిరానట.

చదువుకున్న వాడి నోరు నొక్కే రూలు! ఇలాంటి దాని కోసమే కదా బతికి ఉన్నది! భోజనం కూడా చెయ్యకుండా రిజిస్ట్రారుకి ఉత్తరం రాశాను. మొదటి పేజీ రాజ్యాంగం, రెండో పేజీ చట్టం, మూడో పేజీ నేను. రిజిస్టర్డు పోస్టులో పడేసి వస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంత హాయిగా కోపం వచ్చి చాలా రోజులైంది.

జూన్ 12, మంగళవారం

విశ్వవిద్యాలయం నుంచి ఫోను. ఉమాశంకర్ అనే గుమాస్తా. మర్యాదస్తుడు.

"సార్, మీ ఉత్తరం అందిందండీ. అలాంటి రూలు లేదండీ. ఎవరైనా రావచ్చండీ."

"లేదా?"

"లేదండీ. ఆ మూడో పేజీ మాత్రం మా సెక్షనంతా చదివాం సార్. చాలా బాగుందండీ."

అంటే పిల్లని ఎవరో తప్పుదారి పట్టించారు. తిన్నగా వెళ్లాను. మెర్సీ టీవీలో స్కోరు చూస్తోంది.

"ఆ రూలు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవులో."

"ఎవరు?"

"నేనే."

అని నవ్వడం మొదలెట్టింది. అది నవ్వితే చక్రాల కుర్చీ కూడా నవ్వుతుంది, బ్రేకులు కిర్రుమంటాయి. లోపల అన్నమ్మ కూడా నవ్వుతున్న చప్పుడు.

"నువ్వు బాదపడతావని రూలెట్టేను మావా. నువ్వు యూనివర్సిటీకి ఉత్తరం రాసీగలవని నాకేటి తెల్సు?"

"తెలీదా?"

"... తెల్సు."

"నేను ఏం తప్పు చేశాను?"

టీవీ సౌండు తగ్గించింది. తర్వాత చాలాసేపు తీసుకుని, ఒక్కో మాటా పేర్చి అంది. "నువ్వు సెప్తే, ఆలకి నువ్వు నచ్చుతావు. నాకు సీటు నా మీద రావాల. నేకపోతే నా మీద పోవాల."

సాయానికి చేపల లక్ష్మణమ్మ వెళ్తుందట. ఎప్పుడో మాట్లాడేసుకున్నారట.

జూన్ 13

కోపం లేదు. డైరీ, నీతో కూడా మాట్లాడను.

జూన్ 15, శుక్రవారం

లక్ష్మణమ్మ ఎలా పనికిరాదో నిరూపించడానికి పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఒడ్డుకి వెళ్లాను. పడవలు వచ్చిన వేళ. ఇళ్లకి చేపలమ్మే ముందు ఒడ్డున వేలం పిలిచేది ఆమే. పాట అంటారు వాళ్లు. ఇసకలో చేపల కుప్ప, చుట్టూ బేరగాళ్లు, మధ్యలో ఈమె నడుం మీద చెయ్యేసి. ఒకడు చెవిలో గొణుగుతాడు, ఒకడు కిళ్లీ నోటితో అంటాడు, ఒకడు సముద్రం హోరులో దూరం నుంచి కేకేస్తాడు. ఎవడేమన్నా, ఆ మాటని ఈమె పెద్ద గొంతుతో అందరికీ వినిపిస్తుంది. ఎవరూ పెంచకపోతే "కొట్టీసేను!" అంటుంది. అంతే, పాట అయిపోయినట్టు.

ఒకడు వంగి వాసన చూసి, "నిన్నటి సరుకులాగున్నాది" అని గొణిగాడు.

"నిన్నటి సరుకులాగున్నాదంట!" అని ఒడ్డంతా వినబడేలా అరిచింది.

పడవ యజమాని జగన్నాధం చిందులేశాడు. "ఒసే లక్ష్మణమ్మా, నా సరుకు పాడతన్నావా, నా పరువు పాడతన్నావా?"

"ఆడన్నాడు, నాను సెప్పినాను. నీకు కాదనాలనుంటే అను, అదీ సెప్తాను."

"ఇది ఇయ్యాల్టి సరుకే!"

"ఇది ఇయ్యాల్టి సరుకేనంట!"

పాట అయ్యాక నేను పక్కకి పిలిచి అడిగాను. ఒక్క మాట అటూ ఇటూ చేసి చెప్తే జగన్నాధానికి లాభం కదా, నీకూ మంచి పేరు కదా?

"ఓలమ్మో! ఒక్కపాలి నా ముక్క కలిపీసినానంటే, రేపట్నుంచి నా పాటకి కాకి కూడా రాదు బాబూ" అంది. తర్వాత నా మొహం చూసి జాలిపడి ఒక చేపని ఆకులో చుట్టి ఇచ్చింది. తీసుకున్నాను. జాలిని వ్యతిరేకిస్తాను గానీ, వంజరాన్ని వ్యతిరేకించను.

పనికిరాదని నిరూపించలేకపోయాను. ఇంకా టైముంది.

జూన్ 20, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలి? నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి. బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయాను. వేసుకోకపోయినా బతికే ఉన్నాను.

బెన్హర్ బావ రాత్రంతా ఘాటు దిగి లారీ తెచ్చాడు. వెనక 'ముందు ప్రార్థన, తర్వాత హారన్' అని రాయించుకున్న లారీ. మెర్సీ ముందు సీట్లో వాళ్ల నాన్న పక్కన. వెనక తొట్టిలో చక్రాల కుర్చీ, దాన్ని పట్టుకుని అన్నమ్మ, అన్నమ్మని పట్టుకుని నేను. లక్ష్మణమ్మ చేపల గంపతో ఎక్కింది.

"గంపెందుకు?" అన్నాను.

"పొద్దుటి సరుకు బాబూ. ఇంటికాడ వొదిలీస్తే పిల్లులు డిగ్రీ సదివీస్తాయి."

విశ్వవిద్యాలయం గేటు దగ్గర సెక్యూరిటీ గంపని ఆపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వివక్ష మీద మొదలుపెట్టబోయాను. ఈలోగా లక్ష్మణమ్మ వాడికి రెండు కవ్వళ్ల చేపలు చూపించింది. గేటు తెరుచుకుంది. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

వరండాలో బెంచీల మీద పిల్లలూ తల్లులూ. మూసిన తలుపు. తలుపు మీద అద్దం లేని వెంటిలేటరు. లోపల నలుగురు, వాళ్లకి పెద్ద నారాయణమూర్తి గారనే లెక్కల ప్రొఫెసరు. అంటే నేను రాసిన చీమల్లో మొదటి చీమ. మెర్సీ, లక్ష్మణమ్మ లోపలికి వెళ్లారు. అన్నమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన. నేను కళ్లు తెరుచుకుని.

"మీ గురించి చెప్పండమ్మా" అని సన్నటి గొంతు వినబడింది.

తర్వాత మెర్సీ గొంతు. చలికి లారీ స్టార్టవుతున్నట్టు ఆగి ఆగి. నేను బెంచీ పట్టుకున్నాను. ఆ తర్వాత వరండా గోడలు అదిరాయి.

"నా పేరు మెర్సీ! నాకు లెక్కలంటే ఇష్టం!"

సముద్రం హోరుని దాటడానికి తయారైన గొంతు. ఒక మూలన నిద్రపోతున్న కుక్క లేచిపోయింది. నేను తక్కింది రాబోతుందని ఎదురుచూశాను. తక్కింది లేదు. అంతే. అయిపోయింది. నా జన్మలో అంత పొట్టి ఉపన్యాసం వినలేదు.

"స్టాటిస్టిక్సే ఎందుకు?"

"నా వికలాంగుల సర్టిఫికెట్టు మీద డెబ్బయ్యయిదు శాతం అని ఉన్నాది! దేన్లో డెబ్బయ్యయిదు? దేంతో భాగించేరు? అడిగితే డాక్టరుకీ తెల్దు! ఆ లెక్క ఎవులు కట్టేరో, ఎలా కట్టేరో నాకు కావాల!"

పక్క బెంచీ మీద ఉన్న చూపులేని కుర్రాడు "నాది వందంట" అని వాళ్లమ్మతో మెల్లగా అన్నాడు.

మళ్లీ మెర్సీ గొంతు, ఈసారి చిన్నగా. వెంటనే:

"ఆ సివర కూకున్న కల్లజోడు బాబుకి నా మాట ఒక్కటీ తెలడం నేదు, తెలిసినట్టు బుర్ర ఊపుతన్నాడు!"

అన్నమ్మ కళ్లు తెరిచింది. లోపల మెర్సీ కంగారుగా ఏదో అంది.

"అది పైకి సెప్పకు పిన్నీ!" అని అరిచింది లక్ష్మణమ్మ.

మెర్సీ మళ్లీ ఏదో అంది.

"ఇదీ సెప్పకు పిన్నీ, నీకు దండవెడతాను!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. లోపల ఒక కుర్చీ కిర్రుమంది. అది మెర్సీ కుర్చీ అని నాకు తెలుసు. తర్వాత నలుగురి నవ్వు, వరండా అంతా నవ్వు, అన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు. బంట్రోతు టీ గ్లాసులు కింద పెట్టేసి గోడకి ఆనుకున్నాడు. నవ్వు సద్దుమణిగాక ఒక కొత్త గొంతు వినబడింది. "నిజమేనమ్మా, తెలియలేదు. ఊపాను. తప్పు నాదే. ఇంకోసారి మెల్లగా చెప్పు, ఈసారి వింటాను."

అప్పుడు నారాయణమూర్తి గారి గొంతు. కాగితం గరగరలాడింది.

"విక్టర్ గారు మీ మేనమామట కదా. ఈ వ్యాసం చూశాం. మీరు దీనితో ఏకీభవిస్తారా?"

అన్నమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఎర్రగా కందిందని ఇప్పుడు చూసుకుంటున్నాను.

"సగం!"

"ఏ సగం?"

"మొదటి సగం! రెండో సగం సదవనేదు, పొడుగ్గా ఉన్నాది!"

"మొదటి సగంలో ఏముందో చెప్తారా?"

"రాయలేనోలకి మాటెట్టేరు! మాట రానోలకి ఏటెట్టేరు?"

నేను పత్రికలో నాలుగు కాలమ్‌లు రాసింది అంతే. నాలుగు కాలమ్‌లూ ఆ రెండు వాక్యాల్లో ఇమిడిపోయి, ఇంకా చోటు మిగిలింది.

"మేం ఏం పెట్టాలంటారు?"

"ఎవులికి ఏది వొస్తే అది పెట్టండి! నాకు ఫోన్లో టైపు వొస్తాది! ఫోను తేవొద్దన్నారు! అందుకే పిన్నిని తెచ్చేను! ఫోనయితే ఇంత అరవదు!"

మళ్లీ నవ్వు. చివరిగా ఆ కళ్లజోడు గొంతు అడిగింది: "మీ మావయ్య దగ్గర ఏం నేర్చుకున్నావమ్మా?"

మెర్సీ చాలాసేపు మాట్లాడింది. వెంటిలేటరు కిందికి వెళ్లి నిలబడ్డాను. మాటలు పోల్చుకోలేకపోయాను. ఇన్నేళ్లలో మొదటిసారి అది నాకు కూడా నీళ్లలోంచి వచ్చినట్టుంది. నా చెవుల్లోనే ఏదో హోరు. లక్ష్మణమ్మ ఊపిరి పీల్చుకుంది.

"మా మావ బోల్డు మాటాడతాడు, ఎవులూ ఇనరు! నాను కూసింత మాటాడతాను, ఎవులూ ఇనరు! అయినా ఆడు మానడు! అదే నేర్సుకున్నాను!"

బయటికొచ్చాక లక్ష్మణమ్మ గంప దించింది. సాయంత్రానికి పెద్దల్లో ఇద్దరు సంచీ పట్టుకుని వచ్చారు. నారాయణమూర్తి గారు బేరం ఆడబోతే, ఆయన చెప్పిన ధరని పెద్ద గొంతుతో వరండాకంతా వినిపించింది. ఆయన సిగ్గుపడి అడిగినంతా ఇచ్చాడు.

తిరుగు దారంతా బావ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ప్రార్థన ఎక్కడ చేశాడో తెలియదు.

జూన్ 21

దొరసాని నోట్లో పట్టుకున్న రెండో వాక్యం ఏమై ఉంటుంది? ఎవరికీ తెలియదు. నాన్న కూడా అడిగి ఉండడు.

ఊరికే రాశాను.

జూన్ 26

ఫలితాలు లేవు. ప్రశాంతంగా ఉన్నాను. ఉమాశంకర్‌కి పొద్దున్నుంచి ఫోను చేస్తున్నాను. ఎత్తడం మానేశాడు.

జూలై 2, సోమవారం

వచ్చింది! స్టాటిస్టిక్స్! సీటు! మెర్సీకి!

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. దారిలో ఎవరో "ఏటయింది మేష్టారూ, ఎవులు పోయారు?" అన్నారు. "ఎవరూ పోలేదు, వచ్చింది!" అన్నాను. అన్నమ్మ ఏడుస్తూ నన్ను గరిటెతో కొట్టింది. మెర్సీ వేలి కణుపుతో ఒక్కో అక్షరం కొట్టి ఊరంతటికీ మెసేజి పంపుతోంది. నేను పంపుతానంటే ఫోను దాచేసింది.

ఉత్తరం అడుగున ఇంకో మాటుంది. వచ్చే ఏడాది నుంచి 'మౌఖిక మార్గం' అని కాకుండా, అభ్యర్థి 'తనకు వీలైన పద్ధతిలో' జవాబివ్వవచ్చట. నా వ్యాసం ఎంత బలంగా తగిలిందో చూశావా డైరీ!

సరే. మొదటి సగం.

జూలై 8, ఆదివారం

చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. మేలు జరిగినవాళ్లు లేచి నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఇవాళ మెర్సీ చెప్తానంది. ఆదివారం చేపల గిరాకీ, లక్ష్మణమ్మ రాదు.

"నువ్వు రావాల మావా."

"నేనా! అక్కడికా!"

"ఒక్క ముక్క కలపకూడదు."

"కలపను" అనేశాను. అది సమస్య. ఆ మాట నా నోట్లోంచి దానంతటదే పడింది, మొన్నటి గ్లాసులాగా.

బెన్హర్ బావ ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో. నాన్న నిలబడిన చోటే నన్ను నిలబెట్టారు. అదే గట్టు, అదే పక్క. నా ఎడం పక్కన దొరసాని బదులు చక్రాల కుర్చీ. సంఘం అంతా నన్ను చూస్తోంది. ముసలివాళ్ల కళ్లలో వంశధార ఆవు కనిపిస్తోంది.

మెర్సీ నా వైపు తలతిప్పి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. రూలు పెట్టినప్పటి చూపు. తర్వాత నింపాదిగా, ఒక్కో అక్షరం నాకు బాగా అందేలా అంది.

సారాంశం చెప్పొచ్చు. 'చరిత్ర గమనానికి కృతజ్ఞతలు' అనొచ్చు, 'ప్రజా ఉద్యమాలకు వందనం' అనొచ్చు. ఎవరికి తెలుస్తుంది? దానికి తెలుస్తుంది. అన్నమ్మకి తెలుస్తుంది. నాకు, ఇకముందు, తెలుస్తుంది.

"దేవుడికి స్తోత్రం" అన్నాను.

"ఆమెన్!" అని పైకప్పు రేకులు లేచిపోయాయి. ఒక ముసలావిడ బెంచీ ఎక్కింది. పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మెర్సీ కుర్చీ బ్రేకులు కిర్రుమంటున్నాయి. అది ఆగలేదు. ఇంకో వాక్యం అంది. ఇంకోటి. నేను వరసగా చెప్పుకుంటూ పోయాను.

"సీటొచ్చింది. అందరికీ థాంక్స్."

"ఆమెన్!"

"మా మావకి బేగి మారుమనసు రావాల."

"ఆమెన్! ఆమెన్!"

"మా మావ బీపీ తగ్గాల."

"ఆమెన్!"

"ఇంకేటనాలో ఆలోసిస్తన్నాను, ఆగండి."

ఆగారు. నేనూ ఆగాను. సంఘం మొత్తం, నాస్తికుడితో సహా, ఒక పిల్ల ఆలోచించుకునేదాకా నోరెత్తకుండా నిలబడింది. ఆ నిశ్శబ్దంలో నేను ఏమీ నింపలేదు. నింపాలని కూడా అనిపించలేదు. తల మాత్రం తేలికగా తిరుగుతోంది, జాతరలో రంగులరాట్నం దిగినట్టు.

"అయిపోయింది. ఆకలేస్తంది. బోయినాలకి పదండి" అన్నాను.

జూలై 9, సోమవారం

నాస్తికుణ్ణే. ఇవాళ పొద్దున లేవగానే సరిచూసుకున్నాను. అలాగే ఉన్నాను.

పళ్లు తోముకుంటుంటే లక్ష్మణమ్మ గంపతో వచ్చి గుమ్మంలో నడుం మీద చెయ్యేసింది. వీధి వీధంతా వినబడే గొంతు.

"ఏటి బాబూ! నిన్న సర్చీలో నువ్వు పాట పిలిసేవంట! స్తోత్రం కూడా పిలిసీసేవంట! నీ ముక్కేటీ కలపనేదేటి?"

"లేదు లక్ష్మణమ్మా" అన్నాను, నోటినిండా నురగతో. "మెర్సీ పాటకే కొట్టీసేను."